చవక కంప్యూటర్‌ను ఓవర్‌క్లాక్ చేయవచ్చా?

వద్దు, బడ్జెట్ కంప్యూటర్‌కు ఓవర్‌క్లాకింగ్‌తో, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడంతో, వచ్చే లాభం కంటే వేడి బెడదే ఎక్కువ. మే నెలలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు మరీనూ. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి, వేడేమో వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌కు 5 శాతం వేగం కోసం 1.20 వోల్టులను 1.30 చేస్తే వేడి సుమారు 23 శాతం పెరుగుతుంది. ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలర్, అందులోనూ రెక్కల సందుల్లో దుమ్ము పట్టి ఉంటే, ఆ వేడిని లాగలేదు. 95 డిగ్రీల దగ్గర చిప్ తనే వేగం తగ్గించేసుకుంటుంది. హెచ్610, ఏ520 రకం చవక మదర్‌బోర్డుల్లోనైతే ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసే వీలే లేదు.

కంప్యూటర్ ఆన్ కావడానికి ఐదు నిమిషాలు పడితే ప్రాసెసర్ చాలట్లేదని చాలామంది అనుకుంటారు. అది చాలావరకు హార్డ్‌డిస్క్ ఆలస్యం. విండోస్‌ను హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ అనే స్టోరేజీలోకి మార్చండి.