కాగితపు ఓడల డిజైన్‌ను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. టేబుల్ మీద ఆడే నౌకాయుద్ధ ఆటల కోసం రెండేళ్లుగా కాగితపు ఓడలు డిజైన్ చేస్తోంది. కంప్యూటర్‌లో గీసి, దళసరి కాగితం మీద ప్రింట్ తీసి, కత్తిరించి అంటిస్తుంది. ఇప్పుడు ఆ డిజైన్లను పీడీఎఫ్‌లుగా అమ్ముతానని, ఇదే తన వృత్తి అని అంటోంది. ప్రోత్సహించాలో, వారించాలో తెలియడం లేదు. - ఒక తండ్రి

జవాబు: వారించకండి. అయితే ఇదొక్కటే జీవనాధారంగా పెట్టుకుంటానంటే మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి. ఈ ఆటలు ఆడేవారు ప్రపంచమంతటా ఉన్నా, ఎక్కడ చూసినా కొద్దిమందే. పైగా ఒకసారి ఫైలు కొన్నవారు దానితో ఎన్ని ఓడలైనా ప్రింట్ తీసుకోవచ్చు. ఒక్క ఫైలుతో నౌకాదళమే తయారవుతుంది కనుకనే ఆటగాళ్లు కాగితపు ఓడల వైపు మొగ్గు చూపుతారు. అదే కారణంగా అమ్మేవారికి ఒక్కో కొనుగోలుదారు నుంచి ఒక్కసారే డబ్బు వస్తుంది. అందువల్ల కొత్త డిజైన్లు వస్తూ ఉంటేనే ఆదాయం నిలుస్తుంది.

ఇక ఆమె చేస్తున్న పని ఏమిటో మీరు ఒకసారి దగ్గరగా చూడాలి. అది బొమ్మలు గీయడం అనుకుంటే మీ అమ్మాయిని తక్కువ అంచనా వేసినట్లే. కాగితం ఒకసారికి ఒక దిశలోనే వంగుతుంది. దానిని గొట్టంగా చుట్టవచ్చు, పొట్లంగా చేయవచ్చు, కాని నారింజపండుకు ముడతలు లేకుండా తొడగలేము. ఓడ ముందుభాగం సరిగ్గా అలాంటి ఇబ్బందే పెడుతుంది. అది ముందుకు సన్నబడుతూనే పైకి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది, అంటే రెండు దిశలలో వంగుతుంది. ఆ ఆకారాన్ని ఎన్ని పట్టీలుగా విడదీయాలి, అతుకు ఎక్కడ వస్తే కంటికి కనిపించదు, ఎక్కడ కొంత వంపును వదులుకున్నా ఓడ పోలిక చెడదు అనే నిర్ణయాలన్నీ డిజైనర్ చేతిలోనే ఉంటాయి. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో సర్ఫేస్ డెవలప్‌మెంట్, అంటే ఒక ఆకారపు ఉపరితలాన్ని చదునుగా విప్పి గీయడం, అని నేర్పేది ఇదే. ఓడల నిర్మాణంలో ఉక్కు పలకల కొలతలు తీసేవారికీ, రేకుతో గాలిగొట్టాలు చేసేవారికీ, అట్టపెట్టెలు రూపొందించేవారికీ నిత్యం ఎదురయ్యే లెక్క కూడా ఇదే.

ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్ వద్ద పోరాడిన మానిటర్ అనే ఇనుప యుద్ధనౌక పొడవు 179 అడుగులు, అంటే సుమారు 54.6 మీటర్లు. 1:300 స్కేల్‌లో, అంటే అసలు కొలతలో మూడువందల వంతుకు తగ్గిస్తే, అది 182 మిల్లీమీటర్లు అవుతుంది కనుక ఏ4 కాగితంలో హాయిగా ఇముడుతుంది. డెక్, అంటే ఓడ పైతలం, చదునుగా, నీటిమట్టానికి కొంచెం పైన మాత్రమే ఉంటుంది. దాని మీద గుండ్రటి టరెట్, అంటే ఫిరంగులుండే గది, ఒకటి ఉంటుంది. కాగితానికి ఇంతకంటే అనుకూలమైన ఓడ దొరకడం కష్టం. టరెట్ లోపలి వ్యాసం 20 అడుగులు, చుట్టూ ఇనుము మందం 8 అంగుళాలు కాబట్టి బయటి వ్యాసం ఈ స్కేల్‌లో 21.7 మిల్లీమీటర్లకు వస్తుంది. చుట్టుకొలత 68.1 అని లెక్కగట్టి అంత పొడవు పట్టీ గీస్తే టరెట్ ఒక వెంట్రుకవాసి లావవుతుంది, ఎందుకంటే కాగితానికీ మందం ఉంది. పావు మిల్లీమీటరు మందం ఉన్న కాగితమైతే పట్టీ 67.3 ఉండాలి. లోపలికి దిగే మూతను 21.2 వ్యాసంతో కత్తిరించాలి. ఈ అర మిల్లీమీటరు మర్చిపోయిన డిజైన్‌లో మూత లోపలికి దిగదు. కొన్నవారేమో తమ కత్తెరనే నిందించుకుంటారు.

ఇదే స్కేల్‌లో 1906 నాటి బ్రిటిష్ నౌక డ్రెడ్‌నాట్‌ను చేయబోతే అది అర మీటరు దాటుతుంది. అంత పెద్ద ఓడలు నాలుగు పెడితే టేబుల్ మీద సముద్రానికి చోటుండదు. అందుకే అటువంటి నౌకలతో ఆడేవారు 1:1200, 1:2400 వంటి చిన్న స్కేళ్లను ఎంచుకుంటారు. 1:1200లో డ్రెడ్‌నాట్ 134 మిల్లీమీటర్లే. అప్పుడు రెయిలింగ్‌లను, పడవలను, కిటికీలను విడిగా చేయడం కుదరదు, బొమ్మగా ప్రింట్ చేయవలసిందే. ఏది నిలబెట్టాలి, ఏది గీతతో సరిపెట్టాలి అన్న చోటే డిజైనర్ తూకం తెలుస్తుంది. జర్మనీలో 1:250, పోలండ్‌లో 1:200 స్కేల్‌లో వచ్చే కాగితపు నౌకలు అద్దాల బీరువాలో పెట్టుకునేవి, వాటికి వందల భాగాలున్నా ఫర్వాలేదు. ఆటలో ఓడను వేళ్లతో పట్టుకుని పదేపదే జరుపుతారు, ఆట ముగిశాక పెట్టెలో పడేస్తారు. ఓడ మీది సన్నటి స్తంభాలు మొదటి సాయంత్రమే విరిగిపోతాయి. అందువల్ల ఓడలో నీటిలో మునిగి ఉండే కింది భాగాన్ని వదిలేసి, అడుగున గట్టి అట్ట పెట్టి, తక్కువ భాగాలతో ముగించినదే మంచి ఆట నమూనా.

కొన్నవారి ప్రింటర్ మరో సమస్య. కొన్ని దేశాలలో ఏ4, మరికొన్నిటిలో లెటర్ సైజు కాగితం వాడతారు. మొదటిది 210×297 మిల్లీమీటర్లు, రెండోది 216×279. భాగాలన్నీ రెండింటిలోనూ పట్టేలా అమర్చాలి. పేజీకి సరిపోయేలా కుదించే సెట్టింగ్ వల్ల స్కేల్ మారిపోతుంది కనుక, ప్రతి పేజీలో కొలిచి చూసుకోవడానికి 50 మిల్లీమీటర్ల గీత ఒకటి ఉంచాలి. లేజర్ ప్రింట్ మడత దగ్గర పెళుసుబారి రాలుతుంది, ఇంక్‌జెట్ రంగు జిగురు తడికి అలుక్కుపోతుంది. ఇవన్నీ ముందే ఊహించి సూచనలు రాయగలగాలి.

సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు అవసరం లేదు. త్రీడీ ఆకారాలు చేసే బ్లెండర్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ రెండూ ఉచితమే. పెపకురా వంటివి త్రీడీ ఆకారాన్ని వాటంతట అవే విప్పి పరుస్తాయి గాని, ఏ ముక్క తర్వాత ఏది అంటించాలో వాటికి తెలియదు. మనిషి మళ్లీ కూర్చుని సర్దకపోతే వచ్చేవి పీలికలే.

ఒకసారి ఒక విద్యార్థి ఇచ్చిన ఓడను నేను అంటించాను. సూచనలలో తొమ్మిదో భాగం తర్వాత పదోది పెట్టమని ఉంది. పెట్టాక చూస్తే, పదకొండో దానిని లోపలి నుంచి నొక్కిపట్టడానికి వేలు దూరే సందే లేదు. అతనికి మాత్రం ఆ తప్పు ఎన్నడూ తగల్లేదు, ఎందుకంటే తన ఓడను తాను ఎప్పుడూ సూచనలు చదివి చేయలేదు. నా దృష్టిలో ఈ రంగంలో పనికొచ్చేవారికీ, సరదాకు చేసేవారికీ తేడా అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి, ఎవరినీ అడగకుండా, ఆ కాగితాలతోనే ఓడ పూర్తి చేయగలగాలి.

ఆ నేర్పు అలవడితే దారులు చాలానే ఉన్నాయి. ప్యాకేజింగ్ డిజైన్ అన్నిటికంటే దగ్గరి దారి. ఆ తర్వాత ప్రాడక్ట్ డిజైన్, మ్యూజియం నమూనాలు, పిల్లల కోసం విప్పితే లేచి నిలబడే పుస్తకాలు. గణితం, భౌతికశాస్త్రం ఇష్టమైతే నేవల్ ఆర్కిటెక్చర్ (అసలు ఓడల రూపకల్పన) వైపు కూడా ఆలోచించవచ్చు, కాని కాగితపు ఓడల మీద ఇష్టం ఒక్కటే దానికి అర్హత కాదు. డిగ్రీ మానడం దేనికీ అవసరం లేదు. ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు పూర్తయిన ఓడతో పాటు, అంతకుముందు కుదరక పక్కన పెట్టినవి కూడా తీసుకువెళ్లమనండి. పని ఇచ్చేవారు వాటినే ఎక్కువసేపు చూస్తారు.

అమ్మకానికి పెట్టేముందు ఒక జాగ్రత్త అవసరం. చరిత్రలోని ఓడ ఎవరి సొత్తూ కాకపోయినా, దాని గురించి మరొకరు గీసిన ప్లాన్ వారిదే కావచ్చు. సినిమాలలోని ఓడలకు, ఆటల కంపెనీల పేర్లకు హక్కుదారులు ఉంటారు. అనుమతి లేకుండా వాటి జోలికి పోకూడదు.

ఇదంతా ఆటే కదా అన్న సందేహం మీ ఉత్తరంలో తొంగిచూస్తోంది. ఫ్రెడ్ టి. జేన్ అనే ఆంగ్లేయుడు 1898లో ఒక నౌకాయుద్ధ ఆటను వెలువరించాడు. అదే ఏడాది అతడు ప్రచురించిన ప్రపంచ యుద్ధనౌకల వివరాల గ్రంథం జేన్స్ ఫైటింగ్ షిప్స్‌గా స్థిరపడి, నేటికీ కొత్త సంచికలతో వెలువడుతూనే ఉంది. అందరికీ అలా జరుగుతుందని చెప్పడం లేదు.

ఈ ఏడాది పూర్తయ్యేలోగా ఒకే స్కేల్‌లో నాలుగు ఓడల సెట్ సిద్ధం చేయమనండి. మొదటి ఓడను మీరే అంటించండి. ఆమె పక్కనే కూర్చోవచ్చు గాని మాట్లాడకూడదు. మీరు ఆగిపోయిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ కాగితాలను ఆమెకు తిరిగి ఇవ్వండి.