ఎక్స్-రే లేజర్ తగలగానే క్రిస్టల్ పేలిపోతే ఎంజైమ్ నిర్మాణం ఎలా దొరుకుతుంది?

మీరు అడిగినవి రెండు. దెబ్బకి క్రిస్టల్ ఆవిరైపోతుంటే డేటా ఎక్కడి నుంచి వస్తుంది అనేది ఒకటి. మీ ఎంజైమ్ క్రిస్టల్స్ కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటి పెరగడం లేదు కాబట్టి మీరూ ఈ దారి పట్టొచ్చా అనేది రెండోది. నేను జర్మనీలో పోస్ట్‌డాక్ చేసేటప్పుడు మా బృందంతో రెండుసార్లు కాలిఫోర్నియాలోని ఎల్‌సీఎల్ఎస్ అనే ఎక్స్-రే లేజర్ దగ్గరికి వెళ్లాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

క్రిస్టల్ పేలిపోయే మాట నిజమే. కానీ పేలడానికీ కాస్త సమయం కావాలి కదా, ఈ లోపే ఫోటో అయిపోతుంది. ఒక్కో పల్స్ 40, 50 ఫెమ్టోసెకన్లు. సెకనుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెమ్టోసెకను. ఎలక్ట్రాన్లు ఊడిపోయి, పరమాణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని చెదిరిపోయేలోపే ఎక్స్-రేలు క్రిస్టల్‌లో చెదిరి డిటెక్టర్ మీద చుక్కలుగా పడిపోతాయి. ఆ చుక్కల తీవ్రతల నుంచే నిర్మాణం లెక్కగడతాం, ఇక్కడ ఫోటో అంటే ఆ చుక్కలే. 2000లోనే రిచర్డ్ న్యూట్జె, యానోష్ హైదు అనే శాస్త్రవేత్తల బృందం దీన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టి చూపించింది. అప్పటికి అలాంటి లేజర్ లేదు. 2009లో ఎల్‌సీఎల్ఎస్ మొదలైంది, 2011లో ఫోటోసిస్టమ్-1 (కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే ప్రోటీన్ల సముదాయం) నానోక్రిస్టల్స్‌తో ఆ లెక్క నిజమని తేలింది.

అయితే ఒక్క క్రిస్టల్‌కి ఒక్కటే ఫోటో. ఆ తర్వాత అది ఉండదు. కాబట్టి ఒకదాని వెనుక ఒకటి పంపిస్తూనే ఉండాలి. క్రిస్టల్స్ కలిసిన ద్రవాన్ని సన్నని నాజిల్ గుండా తోస్తే, చుట్టూ వీచే హీలియం దాన్ని కొన్ని మైక్రాన్ల ధారగా పిండుతుంది. సెకనుకి 120 పల్సులు ఆ ధారను కొడుతుంటాయి. ఏ పల్స్‌కి ఏ క్రిస్టల్ ఎదురొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఎంత వృథా పోతుందో కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ఎంజైమ్ కథ చూస్తే తెలుస్తుంది. ఎక్స్-రేలతో నిర్మాణం కనుక్కున్న మొట్టమొదటి ఎంజైమ్ ఇదే, 1965లో. 2012లో వచ్చిన పనిలో దాన్నే ఎల్‌సీఎల్ఎస్‌లో మళ్లీ పరీక్షకు పెట్టారు. సుమారు 15 లక్షల ఫ్రేములు, అంటే ఫోటోలు తీశారు. అందులో క్రిస్టల్ తగిలినవి 4.5 శాతం. అంటే నూటికి తొంభై ఐదు సార్లు లేజర్ కొట్టింది ఉత్త ద్రవాన్ని! తగిలిన వాటిలోనూ చివరికి లెక్కకి పనికొచ్చినవి 12,247. వాటితోనే 1.9 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) రిజల్యూషన్ వచ్చింది.

ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్-రేలు పుట్టించే సింక్రోట్రాన్‌లో క్రిస్టల్‌ని తిప్పుతాం, ఒక్కో చుక్క తీవ్రత పూర్తిగా రికార్డవుతుంది. ఇక్కడ తిప్పే వ్యవధి లేదు. ప్రతి ఫోటోలో చుక్కల్లో కొంత భాగమే పడుతుంది, క్రిస్టల్ ఎటు తిరిగి ఉందో తెలియదు, సైజులు వేరు, పల్స్ బలం కూడా ఒకేలా ఉండదు. ఒక్క ఫోటోని నమ్మలేం. క్రిస్ట్‌ఎఫ్ఈఎల్ లాంటి సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోటోకీ దిశ కనిపెట్టి వేల ఫోటోలను సగటు చేస్తే అసలు విలువలు తేలతాయి. ఫేజ్‌ల (డిటెక్టర్‌లో నమోదు కాని తరంగ సమాచారం) సంగతి మాత్రం మీకు తెలిసిన పాత పద్ధతే, పోలిక ఉన్న తెలిసిన నిర్మాణంతో మొదలుపెట్టే మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్.

ఇదంతా కాగితం మీద. అక్కడికెళ్లాక లేజర్ గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు, గొడవంతా ఆ ధారతోనే. నా మొదటి నైట్ షిఫ్ట్‌లో రాత్రి రెండున్నరకి హిట్ రేటు (పల్సులకి క్రిస్టల్ తగిలే శాతం) ఆరు శాతం నుంచి మూడుకి, ఆ తర్వాత సున్నాకి పడిపోయింది. అందరూ బీమ్ పక్కకి జరిగిందేమోనని స్క్రీన్ల ముందు కూర్చున్నారు. తీరా చూస్తే తప్పు నాది. పప్పుచారులో పప్పు అడుక్కి దిగినట్టు, సిరంజిలో క్రిస్టల్స్ అడుగున పేరుకుపోయాయి. అలా కాకుండా సిరంజిని మెల్లగా తిప్పుతూ ఉండే మోటారు ఉంటుంది. శాంపిల్ మార్చినప్పుడు నేను దాన్ని ఆన్ చేయలేదు. కంగారులో ఇప్పుడు ఆన్ చేశాను, పేరుకున్నదంతా ముద్దగా వచ్చి నాజిల్‌కి అడ్డుపడింది. వాక్యూమ్ ఛాంబర్ తెరిచి కొత్త నాజిల్ పెట్టేసరికి 40 నిమిషాలు. అంటే 2,88,000 పల్సులు గాలికి. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఇంత తిప్పలు దేనికంటే, నా దృష్టిలో అసలు లాభం చిన్న క్రిస్టల్స్ కాదు, కదలిక. క్షయ బ్యాక్టీరియాలో బ్లా-సి (BlaC) అనే బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ ఉంది. మన ఆస్పత్రుల్లో పొడిచే సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ మందుల్ని విరగ్గొట్టేది ఈ రకం ఎంజైములే. 2018లో వచ్చిన పనిలో దాని మైక్రోక్రిస్టల్స్‌ని లేజర్‌కి కాస్త ముందు ఆ మందుతో కలిపి, 30 మిల్లీసెకన్ల నుంచి 2 సెకన్ల దాకా వేర్వేరు క్షణాల్లో ఫోటోలు తీశారు. మందు ఎలా తెగుతుందో వరసగా కనబడింది. పెద్ద క్రిస్టల్ అయితే మందు లోపలికి ఇంకేసరికే చర్య సగం అయిపోతుంది. క్రిస్టల్ చిన్నదిగా ఉండటం ఇక్కడ వరం.

మీ విషయానికొస్తే, ఎంజైమ్ ఆకారం మాత్రమే కావాలంటే లేజర్ జోలికి వెళ్లొద్దు. బాగా సన్నని ఎక్స్-రే బీమ్ ఇచ్చే మైక్రోఫోకస్ సింక్రోట్రాన్ బీమ్‌లైన్లు (ప్రయోగ కేంద్రాలు) ఇప్పుడు కొన్ని మైక్రాన్ల క్రిస్టల్స్‌కి చాలావరకు సరిపోతాయి. క్రిస్టల్ కాస్త పెద్దదైతే ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లోనే ప్రోటీన్ బీమ్‌లైన్ ఉంది. ఎక్స్-రే లేజర్ మన దేశంలో లేదు, బయటి దేశాల్లో లేజర్ సమయం కోసం ప్రపోజల్ రాసి పోటీ పడాలి. మీ ఎంజైమ్‌లో రేడియేషన్‌కి పాడయ్యే లోహం ఉన్నా, చర్య మధ్య దశలు పట్టుకోవాలనుకున్నా అప్పుడు వేరే సంగతి.

క్రిస్టల్స్ అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, 10 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పోతున్నాయా, మొత్తం ప్రోటీన్ ఎన్ని మిల్లీగ్రాములు తీయగలరు? ఈ మూడూ కామెంట్‌లో పెట్టండి, ప్రపోజల్‌కి సరిపోతుందో లేదో చూసి చెబుతాను.