పులులూ సింహాలూ లేకపోవడం వల్లే సర్కస్ మూతపడిందా? మళ్ళీ అనుమతిస్తే తప్పేమిటి?

కాదు. ఇంటింటికీ టీవీ వచ్చి, ఊరి నడుమ మైదానాలు అపార్టుమెంట్లయ్యాక డేరా వేసే చోటే కరువైంది. నిషేధం రాకపోయినా సర్కస్ ఇలాగే చిక్కిపోయేది. మళ్ళీ అనుమతించాలనే వాళ్ళలో చాలామంది ఆ జంతువులను రాత్రి దీపాల వెలుగులో, గ్యాలరీలో కూర్చుని చూసినవాళ్ళు. నేను పగటిపూట చూశాను.

1980లలో విజయవాడలో సర్కస్ దిగితే ఏనుగులకూ గుర్రాలకూ గడ్డి మా నాన్నగారే తోలించేవారు. సెలవుల్లో నేనూ ఆయన వెంట వెళ్ళేదాన్ని. డేరా వెనక వరుసగా బోన్లు. పులి ఇటు తిరిగితే తోక అటువైపు ఊచలకు తగిలేది. అయినా పొద్దస్తమానం తిరుగుతూనే ఉండేది.

ఒక ఉదయం ఖాళీ డేరాలో సాధన జరుగుతోంది. ఒక ఆడసింహం స్టూలు ఎక్కనని మొండికేసింది. రింగ్ మాస్టర్ అరవలేదు, కొరడా ఝళిపించలేదు. చేతికర్రను కాస్త పైకెత్తాడు, అంతే. అది నేలకు కరుచుకుపోయి, ఉన్నచోటే మూత్రం పోసి, ఆ తడికాళ్ళతోనే స్టూలెక్కి కూర్చుంది. "కొట్టనే లేదుగా నాన్నా, ఎందుకంత భయం?" అన్నాను. "ఇవాళ కొట్టలేదమ్మా" అన్నారాయన. ఆ సాయంత్రం అదే సింహం స్టూలెక్కగానే జనం ఈలలు వేశారు. జంతువులను ప్రేమతో మచ్చిక చేసుకుంటారని ఎవరు చెప్పినా నేను నమ్మను.

నిషేధం రాత్రికి రాత్రి వచ్చింది కూడా కాదు. 1991లో కేంద్రం మొదటి ఉత్తర్వు ఇస్తే సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. 1998లో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించకూడదని మళ్ళీ ఉత్తర్వు వచ్చింది. దాన్ని 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీం కోర్టు సమర్థించాయి. సర్కసుల నుంచి తెచ్చిన సింహాలనూ పులులనూ విశాఖ, తిరుపతి లాంటి జూలలోని పునరావాస కేంద్రాలకు చేర్చారు. వాటిలో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం. బోనులోనే పుట్టాయి, వేట తెలియదు. అడవిలో వదలడానికి వీల్లేదు, పిల్లలను కననివ్వకూడదు. చచ్చేదాకా మాంసం, మందులు, కాపలా అన్నీ ప్రజల డబ్బుతోనే. లాభం తిన్నది ఒకరు, ఖర్చు భరించింది మనం. ఆ లెక్క ఎవరూ అడగరేం?

ఇంకొకటి. ఆ జాబితాలో ఏనుగు లేదు. మా నాన్నగారు గడ్డి వేసిన ఆ ఏనుగుల సంతతి కాళ్ళకు గొలుసులతో ఆ తరువాతా ఏళ్ళ తరబడి రింగులో తిరిగింది. పులికి ఉన్న బాధ ఏనుగుకు లేదని ఎవరు తేల్చారో నాకిప్పటికీ అర్థం కాదు.

అసలు సింహం లేకపోతే సర్కసే కాదనడం కళాకారులకు అవమానం. అంత ఎత్తున ఊయల వదిలి గాలిలో మరొకరి చేతులు అందుకునే ఆడపిల్లలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ ఆటకు టిక్కెట్టు కొనకుండా, సర్కస్ పోయిందని ఫోనులో పోస్టులు పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.