సాక్ష్యం, ఆధారం, రుజువు ఒకటేనా?

సందేహం: "నానో పౌడర్‌తో బయటపడ్డ వేలిముద్రే సాక్ష్యం. ల్యాబ్ రిపోర్టుతో నేరం రుజువైంది" అని ఒక వార్తలో చదివాను. సాక్ష్యం, ఆధారం, రుజువు ఒకే అర్థంలో వాడవచ్చా?

సమాధానం: మామూలు మాటల్లో ఎలా అన్నా చెల్లుతుంది. నేరవార్తలో మాత్రం ఈ మూడింటినీ కలిపేయకూడదు. విచారణ మొదలుకాకముందే ఒక మనిషి మీద దోషి ముద్ర పడిపోతుంది.

సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. పాణిని కూడా 'సాక్షాత్' నుంచే ఈ పదాన్ని సాధించాడు. ఆ సాక్షి చెప్పేది సాక్ష్యం. గాజు గ్లాసు మీది వేలిముద్ర ఏదీ చెప్పదు, అది ఆధారం. 'సాక్ష్యాధారాలు' అని మనం జంటగా అంటున్నది ఈ రెండింటినీ కలుపుకునే.

1961లో కాఠీ కాలు ఓఘడ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి తేడానే చూపింది. నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా సాక్ష్యమివ్వమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. వేలిముద్ర ఇవ్వడం అలా సాక్ష్యమివ్వడం కాదని ఆ తీర్పు. 2010లో సెల్వి కేసులో మాత్రం బలవంతపు నార్కో పరీక్ష కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ మత్తులో ఉన్న మనిషి చేత మాట్లాడిస్తారు మరి.

చట్టభాషలో సాక్ష్యం పరిధి ఇంకాస్త పెద్దది. కోర్టుకు దాఖలైన పత్రాలూ అందులోకి వస్తాయి. కాబట్టి ల్యాబ్ రిపోర్టును సాక్ష్యం అనవచ్చు, కోర్టుకు చేరాక.

ఇక రుజువు. బంగారం, వెండి నానో కణాలు, అంటే కంటికి కనపడనంత సన్నని రేణువులు, చెమట జాడలకు అంటుకుని, మామూలు పౌడర్‌కు చిక్కని గీతల్ని కూడా చూపించగలవు. ఆ ముద్ర ఎవరిదో చెప్పేది మాత్రం పోల్చి చూసిన నిపుణుడే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం అనే చట్టం 39వ సెక్షన్‌లో నిపుణుడి మాటకు 'అభిప్రాయం' అనే పేరు. కణాలు పూశాక నమూనా మారిందా, మళ్లీ పరీక్షించడానికి ఏమైనా మిగిల్చారా అని డిఫెన్స్ లాయరు నిలదీయవచ్చు. అడగడం అతని హక్కు, నిందితుడికి దక్కాల్సిన న్యాయం కూడా. అవన్నీ విని, తూచి, రుజువైందో లేదో చెప్పాల్సింది జడ్జిగారు.

ఆ వార్తను ఇలా రాసి ఉండాల్సింది: "నానో పౌడర్‌తో వేలిముద్ర ఆధారం దొరికింది. అది నిందితుడి వేలిముద్రతో సరిపోలిందని ల్యాబ్ నిపుణులు అభిప్రాయపడ్డారు. కేసు విచారణలో ఉంది."