కౌలు ఆటగాడా, సొంత ఆటగాడా? బేస్‌బాల్ ట్రేడ్‌లపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు సీజన్ మధ్యలో కూడా ఆటగాళ్లను మార్చుకుంటాయి. పిల్లలు డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ గోదావరి జిల్లాల ఇళ్లలో టెక్సస్ రేంజర్స్ పేరు ఎక్కువగా వినిపిస్తోంది. మన జట్టుకి ఎవర్ని తేవాలి, ఎవర్ని వదులుకోవాలి అంటూ మీరు పంపిన ఉత్తరాల్లోంచి కొన్ని ఇక్కడ ఇస్తున్నాం. చాలా ఉత్తరాల్లో ఆటగాడి పేరుంది, హోమ్ రన్ల లెక్కుంది. అతని ఒప్పందం ఎప్పటితో తీరిపోతుందో మాత్రం లేదు. ట్రేడ్‌లో ముందు చూడాల్సింది అదే.

ప్రశ్న: రేంజర్స్‌కి 2025లో పిచింగ్ బానే ఉందండీ, బ్యాటింగే కుంటింది. మైనర్ లీగుల్లో (కింది స్థాయి పోటీల్లో) ఉన్న కుర్రాళ్లను ముగ్గుర్ని ఇచ్చేసి పెద్ద హిట్టర్ని తెచ్చుకుంటే పోద్ది కదా. ఎప్పటికి పైకొస్తారో తెలీని కుర్రాళ్ల మీద ఆశెందుకండీ? (భీమవరం)

ఇవ్వొచ్చు. ఆ హిట్టర్ మీ దగ్గర ఎన్నాళ్లుంటాడో చూసుకుని ఇవ్వాలి.

మేజర్ లీగ్ జట్టులో 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీసు కింద లెక్క. మొదటి మూడేళ్లు ఆటగాడు కనీస జీతానికో, దానికంటే కాస్త ఎక్కువకో ఆడతాడు. ఆ కనీస జీతం 2025లో 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్లు జీతం దగ్గర మాట కుదరకపోతే మధ్యవర్తులు తేలుస్తారు. ఆరేళ్లు నిండాక, వేరే ఒప్పందం లేకపోతే, నచ్చిన జట్టుకి వెళ్లిపోవచ్చు. అంటే ఆరేళ్లు నిండబోతున్నవాణ్ని జూలై చివర్లో తెచ్చుకుంటే మీకు దక్కేది రెండు నెలలు, ఆపైన ప్లే ఆఫ్స్. అతను కౌలు ఆటగాడు. రెండు మూడేళ్లు మిగిలున్నవాడు సొంత పొలంతో సమానం. ఈ ఇద్దరికీ ఒకే ధర కట్టడం మీ ప్రతిపాదనలో ఉన్న లోపం.

కౌలు ఆటగాడి విషయంలో ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. సీజన్ మధ్యలో జట్టు మారినవాడికి ఆ ఏడాది చివర క్వాలిఫయింగ్ ఆఫర్ (నిర్ణీత జీతంతో ఒక్క ఏడాది ఒప్పందం) ఇచ్చే వీల్లేదు. కాబట్టి అతను వేరే జట్టుకి వెళ్లిపోతే మీకు పరిహారంగా డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకునే చోట, వచ్చే అవకాశమూ ఉండదు.

ఇక కుర్రాళ్ల సంగతి. మీ చెరువుల లెక్కే ఇది. వంద కౌంటులో, అంటే కిలోకి వంద తూగేప్పుడే, రొయ్య పట్టేస్తే ఇవాళ్టి డబ్బు ఇవాళ చేతికొస్తుంది. నలభై కౌంటు దాకా ఆగితే ధర బాగుంటుంది కానీ, ఈలోగా తెల్లమచ్చ జబ్బు తగిలితే చెరువంతా పోతుంది. బంతి విసిరే కుర్ర పిచర్‌కి ఆ తెల్లమచ్చ మోచేతి లిగమెంటు తెగడం. రేంజర్స్ 2023 జూన్ 30న కాన్సస్ సిటీ నుంచి అరోల్డిస్ చాప్‌మన్ అనే పేరున్న పిచర్ని తెచ్చుకుని కోల్ రేగన్స్ అనే కుర్ర పిచర్ని ఇచ్చింది. రేగన్స్‌కి అప్పటికే రెండుసార్లు ఆ మోచేతి ఆపరేషన్ అయింది. 2024లో అతను ఆల్ స్టార్ పిచర్. ఆ మేరకు రేంజర్స్ నష్టపోయింది నిజమే. 2023లో వాళ్ల చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచిందీ నిజమే. నన్నడిగితే ఆ బేరం తప్పు కాదు. అలాంటి బేరం ఏటా చేస్తే మాత్రం నాలుగేళ్లకి గాదె ఖాళీ అవుతుంది.

సొంత పొలం ధర ఎంతుంటుందో చూడాలంటే 2022 ఆగస్టు 2 నాటి హువాన్ సోటో అనే హిట్టర్ ట్రేడ్ చూడండి. అతని మీద వాషింగ్టన్ జట్టుకి ఆ సీజన్‌లో మిగిలిన రెండు నెలలు కాక ఇంకో రెండు పూర్తి సీజన్ల హక్కుంది. శాన్ డియేగో ఐదుగురు కుర్రాళ్లని, పైన లూక్ వోయిట్‌ని ఇచ్చి, సోటోతో పాటు జాష్ బెల్‌ని తెచ్చుకుంది. ఆ ఐదుగురిలో సీజే అబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ తర్వాత వాషింగ్టన్ తరఫున ఆల్ స్టార్లయ్యారు. అంతటివాడు కావాలంటే అంత ఇవ్వాలి. మీరిస్తానన్న ముగ్గురితో కౌలు హిట్టరే వస్తాడు.

ప్రశ్న: క్లోజర్‌ని (ఆట చివర్లో వేసే పిచర్ని) కొనాలని నేనంటాను, కాదు ఆట మొదలెట్టే స్టార్టర్ పిచర్నే కొనాలని మా బావ అంటాడు. ఎవరిది రైటండీ? (తణుకు)

మీ బావగారిదే. ఆగస్టు, సెప్టెంబర్‌లలో స్టార్టర్‌కి పదకొండు ఆటలు దొరుకుతాయి. ఆటకి ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదారు చొప్పున వేసుకున్నా అరవై దాటుతాయి. క్లోజర్ అదే కాలంలో పాతిక ఇన్నింగ్స్ వేస్తే గొప్ప. 1990 ఆగస్టులో బోస్టన్ ఇలాగే లారీ ఆండర్సన్ అనే రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచర్) కోసం జెఫ్ బాగ్వెల్ అనే కుర్రాణ్ని హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. ఆండర్సన్ బోస్టన్‌కి వేసింది 22 ఇన్నింగ్స్. బాగ్వెల్ 449 హోమ్ రన్లు కొట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌కెళ్లాడు.

మీ వాదనకీ ఒక చోటుంది. ప్లే ఆఫ్స్‌లో మధ్యమధ్య సెలవు రోజులొస్తాయి కాబట్టి మంచి రిలీవర్‌ని తరచుగా వాడుకోవచ్చు. డివిజన్‌లో బాగా ముందున్న జట్టు అక్టోబర్ కోసం క్లోజర్‌ని కొనడంలో అర్థముంది. 2016లో షికాగో కబ్స్ అదే చేసి, 108 ఏళ్ల తర్వాత టైటిల్ గెలిచింది. ప్లే ఆఫ్స్‌కి చేరడమే అనుమానంగా ఉన్న జట్టుకి మాత్రం అది అనవసరపు ఖర్చు.

స్టార్టర్లలో కూడా పేరు చూసి మోసపోకండి. 2023లో రేంజర్స్ ఇద్దర్ని తెచ్చింది. మాక్స్ షెర్జర్ అప్పటికే మూడు సై యంగ్‌లు (ఉత్తమ పిచర్ అవార్డులు) గెలిచినవాడు. జోర్డాన్ మాంట్‌గొమరీకి అంత పేరు లేదు. షెర్జర్ సెప్టెంబర్‌లో భుజం దగ్గర కండరం పట్టేసి ఆగిపోయాడు. వరల్డ్ సిరీస్ మూడో ఆటలో మూడు ఇన్నింగ్స్ వేశాక నడుం పట్టేసింది. మాంట్‌గొమరీ టాంపా బే మీద ప్లే ఆఫ్స్ మొదటి ఆటలోనే ఏడు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేశాడు. అప్పటికి షెర్జర్ వయసు 39, మాంట్‌గొమరీకి 30.

ప్రశ్న: కొలరాడో రాకీస్ హిట్టర్ల లెక్కలు భలేగా ఉంటాయి. అక్కణ్నుంచి ఒకణ్ని తెస్తే ఇక్కడా అలాగే కొడతాడా? (పాలకొల్లు)

కొలరాడో మైదానం సముద్ర మట్టానికి 5,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి బంతి దూరం పోతుంది, పిచర్ వేసే కర్వ్ బాల్ సరిగా వంగదు. ఆ లెక్కల్ని ఉన్నవున్నట్టు తీసుకోకూడదని చాలామందికి తెలుసు. అక్కణ్నుంచి రెండో తప్పు చేస్తారు: సొంత మైదానం లెక్క పక్కన పెట్టి బయట ఆడిన లెక్కే నిజమనుకుంటారు. రాకీస్ హిట్టర్ ఇంట్లో వంగని కర్వ్‌కి అలవాటుపడి, బయటికెళ్లగానే బాగా వంగే కర్వ్‌ని ఎదుర్కోవాలి. అందుకే అతని బయటి లెక్క అసలు సత్తా కంటే తక్కువ చూపిస్తుంది. నోలన్ అరెనాడో 2021లో సెయింట్ లూయిస్‌కి మారాక ఇక కొట్టలేడన్నారు. 2022లో 30 హోమ్ రన్లు కొట్టాడు.

ఏ హిట్టర్నయినా ఈ వరసలో చూడండి. మొదట స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైకులకి ఔటవడం) శాతం. అరవై సార్లు బ్యాటింగ్‌కొస్తే చాలు, ఆ అంకె దాదాపు కుదురుకుంటుంది. వాకుల (నాలుగు చెడ్డ బంతులు పడి కొట్టకుండానే బేస్‌కి వెళ్లడం) శాతానికి నూట ఇరవై సార్లు కావాలి. ఆ తర్వాత ఫీల్డులో పడ్డ బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయన్న సగటు చూడాలి. లీగ్ మొత్తానికి అది .300 దగ్గర తిరుగుతుంది. మీరు కోరుకుంటున్నవాడికి .380 ఉంటే, అందులో కొంత అదృష్టం. ఈ అంకె కుదురుకోవడానికి అలా ఫీల్డులో పడ్డ బంతులే ఎనిమిది వందల పైన కావాలి, అంటే ఒక సీజన్ చాలదు. మే నెలలో మెరిసినవాణ్ని చూసి జూలైలో పిలుచుకొచ్చి బోర్లాపడేది ఇక్కడే.

చివరగా ఎడమచేతి, కుడిచేతి పిచర్ల మీద విడివిడి లెక్కలు. మొత్తం సగటు బాగున్నా ఎడమచేతి పిచర్ల మీదే కొట్టేవాడైతే వారంలో రెండు మూడు ఆటలకే పనికొస్తాడు. ఎదురయ్యే స్టార్టర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లే. రేంజర్స్ మైదానంలో సెంటర్ గోడ 407 అడుగుల దూరాన ఉంది. అటు ఎత్తి కొట్టే అలవాటున్నవాడి బంతులు అక్కడ క్యాచ్‌లవుతాయి.

ప్రశ్న: పెద్ద ఆటగాడికి గాయమైతే ఆ సీజన్ వదిలేసుకోవాల్సిందేనా? (మండపేట)

2021 జూలై 10న అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు రొనాల్డ్ అకూన్యా మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికి జట్టు సగం గెలుస్తూ సగం ఓడుతోంది. వాళ్లు అకూన్యాకి సాటి వచ్చేవాడి కోసం వెతకలేదు. జాక్ పీడర్సన్, ఆడమ్ డువాల్, ఎడీ రొసారియో, హోర్హే సోలేర్ అని నలుగురు ఔట్‌ఫీల్డర్లను చిన్న చిన్న ధరలకి తెచ్చారు. రొసారియో అయితే అప్పటికి గాయంతో కూర్చుని ఉన్నాడు, అందుకే చవకగా వచ్చాడు. లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అతనే ఉత్తమ ఆటగాడు, వరల్డ్ సిరీస్‌లో సోలేర్. టైటిల్ బ్రేవ్స్‌ది. గొయ్యి ఎక్కడ పడిందో అక్కడ పూడ్చుకోవడం అంటే ఇది. సున్నాకి పడిపోయిన మూడు స్థానాల్ని మామూలు స్థాయికి తెస్తే వచ్చే గెలుపులు, ఒక్క స్టార్ తెచ్చే గెలుపుల కంటే తక్కువేం కాదు.

ప్రశ్న: ఐపీఎల్‌లో 2023లో హార్దిక్ పాండ్యాని ముంబై డబ్బుతో తీసుకుంది. బేస్‌బాల్‌లో అలా కుదరదా అండీ? (అమలాపురం)

పెద్ద ఆటగాణ్ని ఉత్త డబ్బుకి అమ్మడం ఒకప్పుడుంది. బేబ్ రూత్‌ని బోస్టన్ లక్ష డాలర్లకి న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మిన సంగతి 1920 జనవరిలో బయటికొచ్చింది. 1976లో ఓక్లండ్ యజమాని చార్లీ ఫిన్లీ ముగ్గురు ఆటగాళ్లని 35 లక్షల డాలర్లకి అమ్మబోతే కమిషనర్ బౌవీ కూన్ రద్దు చేశాడు. అప్పట్నుంచీ ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇప్పుడు డబ్బు జీతం రూపంలో తిరుగుతుంది. ఏడాదికి కోటీ యాభై లక్షల డాలర్ల ఆటగాణ్ని జూలై చివర్లో తీసుకుంటే మిగిలే జీతం సుమారు యాభై లక్షలు. అదంతా మీరే భరిస్తానంటే అవతలి జట్టు తక్కువ కుర్రాళ్లకి ఒప్పుకుంటుంది. వాళ్లే కట్టాలంటే మంచి కుర్రాణ్ని అడుగుతుంది. షెర్జర్ని ఇచ్చిన న్యూయార్క్ మెట్స్ అతని జీతంలో పెద్ద భాగం తానే కట్టి, లూయీసాంహెల్ అకూన్యా అనే కుర్రాణ్ని తీసుకుంది. జీతాల మొత్తం 2025లో 24 కోట్ల 10 లక్షల డాలర్లు దాటితే, దాటినదాని మీద మొదటిసారి 20 శాతం పన్ను. వరసగా రెండో ఏడు 30, మూడో ఏడు 50. ఇక డ్రాఫ్ట్ అవకాశాలు, చిన్న జట్లకిచ్చే కొన్ని తప్ప, చేతులు మార్చుకోవడానికి లేదు.

ప్రశ్న: ఒకణ్ని ఇచ్చి ఇద్దర్ని తెచ్చుకుంటే లాభమే కదా? (రావులపాలెం)

ఆ రెండోవాడికి చోటెక్కడ? ఆడే జట్టులో 26 మంది, అందులో పిచర్లు 13కి మించకూడదు. దాని వెనక 40 మంది జాబితా ఉంటుంది. వచ్చిన ఇద్దరూ ఆ జాబితాకి చెందినవాళ్లయితే మీవాణ్ని ఒకణ్ని తీసేయాలి. తీసేసిన ఏడు రోజుల్లోగా అతన్ని ట్రేడ్ చేయాలి, లేదా మిగతా జట్లకి ఎత్తుకుపోయే అవకాశమివ్వాలి. పనికొచ్చేవాడు ఉత్తపుణ్యానికి పోతాడు. అరవై రోజుల గాయాల జాబితాలోకి వెళ్లాల్సినవాడుంటే ఒక చోటు ఖాళీ అవుతుంది, ముందు అది చూసుకోండి. వచ్చేవాడికి ఆప్షన్లు మిగిలున్నాయో లేదో కూడా చూడాలి. ఉంటే మైనర్ లీగ్‌కి పంపి, సీజన్‌లో ఐదుసార్ల దాకా తిప్పుకోవచ్చు. లేకపోతే ఆడినా ఆడకపోయినా 26లో కూర్చోబెట్టాలి.

ప్రశ్న: ట్రేడ్ అయిపోయిందని వార్తొస్తుంది, తెల్లారేసరికి లేదంటారు. ఎందుకలా? (రాజోలు)

ఎక్కువగా వైద్య పరీక్షల దగ్గరే తప్పుతుంది. 2015 జూలై 29న మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్‌ని పంపేస్తున్నారన్న వార్త ఆట నడుస్తుండగానే స్టాండ్స్‌లో పాకింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. అతను షార్ట్‌స్టాప్ స్థానంలో నిలబడి, జెర్సీ చేతితో కళ్లు తుడుచుకుంటూ ఆడాడు. వచ్చేవాడి తుంటి మీద మెట్స్‌కి అనుమానమొచ్చి బేరం చెడింది. జూలై 31న అదే ఫ్లోరెస్ పన్నెండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి ఆట గెలిపించాడు.

ఆటగాడే ఒప్పుకోకపోవడం ఇంకో కారణం. పదేళ్ల సర్వీసు ఉండి, చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడు ఏ ట్రేడ్‌నైనా కాదనొచ్చు. కొందరు ఆ హక్కుని ఒప్పందంలోనే రాయించుకుంటారు. 2025 నవంబర్‌లో మార్కస్ సెమియన్‌కి బదులు బ్రాండన్ నిమ్మో రేంజర్స్‌కి రావడానికి, నిమ్మో ఆ హక్కు వదులుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: ఆఖరి గడువు మన టైములో ఎప్పుడు? (నరసాపురం)

తేదీ ఏటా కాస్త మారుతుంది, జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో ఉంటుంది. 2025లో జూలై 31 సాయంత్రం ఆరు, అమెరికా తూర్పు తీరపు టైము. మనకి తెల్లారితే ఆగస్టు 1, వేకువన మూడున్నర. గడువులోపు ఖాయమైన బేరాల వార్తలు ఆ తర్వాత కూడా బయటికొస్తుంటాయి కాబట్టి నాలుగున్నర దాకా చూడండి. ఆపైన ఆ సీజన్‌లో 40 మంది జాబితాలో ఒక్కసారీ లేనివాణ్ని మాత్రమే మార్చుకోవచ్చు. వేరే జట్టు వదిలేసినవాణ్ని తీసుకోవచ్చు గానీ, ప్లే ఆఫ్స్ ఆడాలంటే అతను ఆగస్టు 31 లోపు మీ సంస్థలో చేరి ఉండాలి.