పండగ కన్నా సెలవు ఖరీదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మావారు ఆర్మీలో హవల్దారు, ఇప్పుడు సరిహద్దులో ఉన్నారు. నేను, బడికెళ్లే ఇద్దరు పిల్లలు అత్తమామల దగ్గర ఉంటున్నాం. పోయిన ఏడాది ఆయన సెలవుకి వచ్చినప్పుడు పండగ ఖర్చులకి ఊళ్లో 60,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. వడ్డీ కడుతున్నాం, అసలు అలాగే ఉంది. ఈసారి దసరాకి సెలవు దొరకలేదు. దీపావళికి ముందు వచ్చి నలభై రోజులు ఉంటారు. డీఏ (కరువు భత్యం) పెరిగింది, బోనస్ కూడా వస్తుందంటున్నారు. ఆ డబ్బుతో ధనత్రయోదశికి కాస్త బంగారం కొననా, క్యాంటీన్ ద్వారా టీవీ బుక్ చేయనా, అప్పుకి కట్టనా? డిసెంబరులో పోస్టింగ్ మారొచ్చు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మూడు పనులకి పంచాలని చూస్తున్న ఆ డబ్బు అసలు ఎంతో ముందు లెక్క వేద్దాం.

2025 అక్టోబరు 1న కేంద్రం డీఏని 55 నుంచి 58 శాతానికి పెంచింది. జులై 1 నుంచి వర్తిస్తుంది. డీఏ లెక్క బేసిక్ మీద, దానికి కలిపే మిలటరీ సర్వీస్ పే (ఎంఎస్‌పీ) 5,200 మీద. మీవారి బేసిక్ 33,900 అనుకుంటే రెండూ కలిపి 39,100. అందులో మూడు శాతం 1,173. మూడు నెలల బకాయి 3,519. బోనస్ ఎక్కువలో ఎక్కువ 6,908. మొత్తం కలిపితే పదిన్నర వేలకు లోపే. డీఏ బకాయి మామూలుగా అక్టోబరు జీతంతో కలిసి పడుతుంది, అంటే నెలాఖరుకి. 2025లో దీపావళి అక్టోబరు 20వ తేదీనే. పండగ ముగిశాక వచ్చే డబ్బుని నమ్ముకుని పండగ సామాను తెచ్చారంటే, మధ్యలో ఆ పది రోజులకి మళ్లీ అదే అప్పులాయన గుమ్మం ఎక్కాలి.

రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 1,200, ఏడాదికి 14,400. బోనస్, బకాయి కలిపి పోసినా ఒక్క ఏడాది వడ్డీకి చాలవు. అందుకే అప్పు సంగతి బోనస్‌తో తేలదు, వేరే దారి చూడాలి. ఇంట్లో ఉన్న నగ ఒకటి బ్యాంకులో పెట్టండి. 2025 అక్టోబరులో పది గ్రాములు 1,20,000 దాటింది; ఆ ధరలో 60,000 అప్పు రావడానికి తులం లోపు బంగారం సరిపోతుంది. పది శాతం వడ్డీ అనుకున్నా నెలకి 500. ఊరి అప్పు ఆ రోజే తీర్చేసి ప్రోనోటు చేతిలోకి తీసుకోండి. నెలనెలా మిగిలే 700 కూడా బ్యాంకులో అసలుకే కట్టండి. కొత్త బంగారం కొనడమా? రెండు రూపాయల వడ్డీ కడుతూ కొన్న బంగారం ఎవరికి లాభమో మీరే చెప్పండి. అత్తగారు సెంటిమెంటు అంటే ఒక వెండి కుందె తెచ్చి పూజలో పెట్టండి.

మీ ఉత్తరంలో లేని మాట ఒకటుంది. పిల్లల చదువు భత్యం. 2024 జనవరి నుంచి ఒక్కో పిల్లకి నెలకి 2,812 రూపాయల యాభై పైసలు. ఇద్దరికీ కలిపి ఏడాదికి 67,500. అంటే మీ అప్పు కన్నా ఎక్కువ! బడి ఏడాది అయ్యాక, పిల్లలు చదివారని స్కూలు ఇచ్చే సర్టిఫికెట్‌తో క్లెయిమ్ చేసుకోవాలి. ఫీజు రసీదులో ఎంతుందన్నదాంతో పని లేదు, మొత్తం స్థిరం. పోయిన విద్యా సంవత్సరానిది వచ్చిందా, లేదా? చాలా ఇళ్లలో ఇది ఏదో నెల జీతంలో కలిసిపోయి వస్తుంది, కలిసిపోయే ఖర్చవుతుంది. మీవారు రాగానే, ఆర్మీ వాళ్ల పే స్లిప్పులు ఉండే హమ్‌రాజ్ యాప్ తెరిపించి ఏడాది పే స్లిప్పులు ఇద్దరూ కూర్చుని చూడండి. రాకపోతే సర్టిఫికెట్ ఈ సెలవులోనే తీసి ఆయన చేతికి ఇచ్చి పంపండి.

ఇక అసలు సంగతి. మీరు పండగ ఖర్చు అంటున్నది పండగది కాదనే నా అనుమానం. ఆయన లేని దసరా మీకు ఈసారి ఎంతలో అయిపోయిందో గుర్తుచేసుకోండి. ఖర్చంతా సెలవుది. పది నెలలు కళ్లు కాయలు కాచేలా చూసిన మనిషి వచ్చాడని ఇంట్లో రోజూ చుట్టాలే. అరసవల్లి, శ్రీముఖలింగం వెళ్లాలి, నాగుల చవితి, కార్తీక వనభోజనాలు. ఆడపడుచుకి చీర పెట్టాలి. ఊళ్లో ప్రతి బావమరిదికీ క్యాంటీన్ సీసా ఒకటి ఇవ్వాలి. అది చవకే, కానీ పదిమందికి పంచితే చవక కాదు. దీన్ని తప్పుపట్టను. సైనికుడి ఇంట్లో ఆ నలభై రోజులే సంసారం. కానీ దానికి ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి కదా. ఈసారి రోజూ రాత్రి ఆ రోజు ఖర్చు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆయన రైలెక్కాక కూడి, పదకొండుతో భాగించండి. 44,000 అయిందనుకోండి, డిసెంబరు నుంచి నెలకి 4,000 చొప్పున పదకొండు నెలలు, అంత గడువు ఇచ్చే బ్యాంకులో ఆర్‌డీ. పోస్టాఫీసుది ఐదేళ్ల ఆర్‌డీ, దీనికి పనికిరాదు. సంక్రాంతి మాత్రం ఆయన లేకుండానే వస్తుంది, అది మామూలు నెల ఖర్చులోనే ముగించండి.

ఆ 4,000 ఎక్కడిదంటారా? ఇప్పుడు వస్తున్న ఫీల్డ్ అలవెన్స్‌లోంచి తీయొచ్చు, కానీ ఒక జాగ్రత్త. అది చోటుని బట్టి వచ్చే డబ్బు. పోస్టింగ్ మారితే ఆగుతుంది. పైగా ఆ మార్పుని నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్ ఆలస్యమైతే రెండు మూడు నెలలు ఎక్కువ పడి, తర్వాత ఒక్కసారిగా జీతంలో కోస్తారు. అందుకే కిరాణా, పాలు, బడి ఫీజు, బ్యాంకు వడ్డీ ఇవన్నీ బేసిక్, ఎంఎస్‌పీ, డీఏల్లోనే సర్దుకోవాలి. పోస్టింగ్ మారాక మొదటి మూడు నెలలు జీతం ఎక్కువ కనిపించినా ముట్టకండి. మీరూ క్వార్టర్‌కి వెళ్తే ఇంటి అద్దె భత్యం కూడా ఆగిపోతుంది.

టీవీ ఆపండి. ఏఎఫ్‌డీలో, అంటే క్యాంటీన్ ద్వారా పెద్ద వస్తువులు బుక్ చేసే పద్ధతిలో, మొత్తం ముందే కట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, కొనేరోజు పలాసలో షాపు ధర కూడా అడిగి చూడండి, తేడా ఎంతుందో తెలుస్తుంది.

బోనస్‌లోంచి 3,000 మాత్రం నోట్లుగా బియ్యం డబ్బాలో పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఫోన్లో ఉన్న డబ్బు ఎందుకూ కొరగాదని ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మీరు ఉత్తరం రాసిన నెల కూడా అక్టోబరే.