రోబో చేతిని ఎత్తి దించడానికి సర్వోనా, లీనియర్ యాక్చుయేటరా?

40 సెం.మీ. రోబో చెయ్యి కొసన కిలో బరువు ఎత్తాలి, సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు) పెట్టాలా, లీనియర్ యాక్చుయేటర్ (కడ్డీని నేరుగా ముందుకీ వెనక్కీ జరిపే మోటారు) పెట్టాలా అని అడిగారు కదా. నేను సర్వోతోనే మొదలుపెట్టి రెండు కాల్చుకున్నాను, అందుకని లెక్క దగ్గర్నుంచి చెప్తాను.

చెయ్యి అడ్డంగా చాపినప్పుడే భుజం మీద భారం అన్నిటికన్నా ఎక్కువ. కిలోని 40 సెం.మీ.తో గుణిస్తే 40 కేజీ-సెం.మీ. టార్క్, అంటే కీలుని తిప్పడానికి కావాల్సిన బలం. నేను అక్కడితో ఆగిపోయాను, అదే తప్పు. చేతికీ సొంత బరువుంటుంది. 600 గ్రాములనుకుంటే అది నడిమధ్యన, 20 సెం.మీ. దగ్గర వేలాడుతున్నట్టు లెక్క. ఇంకో 12 కలిపితే 52.

సర్వో డబ్బా మీద వేసేది స్టాల్ టార్క్, అంటే మోటారు ఇక తిరగలేక మొరాయించే చోటి అంకె. అందులో మూడో వంతుకు మించి నేను ఆశపడను. ఆ లెక్కన మీకు 150 పైన ఉన్నది కావాలి. నా రెండో సర్వో బరువు ఎత్తలేక పోలేదండీ, శుభ్రంగా ఎత్తింది. ఎత్తి పది నిమిషాలు అలాగే పట్టుకోమంటే కమురు వాసన వచ్చింది. పైగా కరెంటు తీయగానే చెయ్యి దభీమని బల్ల మీద పడింది.

అందుకే లీడ్ స్క్రూ (మోటారు తిప్పే పొడవాటి మర) ఉన్న లీనియర్ యాక్చుయేటర్‌కి మారాను. మర పిచ్ (చుట్ల మధ్య ఎడం) సన్నగా ఉంటే కరెంటు పోయినా చెయ్యి ఎక్కడిదక్కడే ఆగుతుంది. బాల్ స్క్రూ (మర గాడిలో గుండ్లు దొర్లే) రకం మాత్రం వద్దు, బ్రేకు లేకపోతే బరువుకి వెనక్కి జారుతుంది.

దీన్ని ఎక్కడ, ఏ కోణంలో బిగిస్తారన్నదే అసలు చిక్కు. కీలుకి 5 సెం.మీ. దూరంలో నిలువుగా తోస్తే మీ చేతికి సుమారు 100 న్యూటన్లు చాలు. అదే కడ్డీ చేతికి 30 డిగ్రీల్లో వాలి ఉంటే 200 కావాలి. నాది 150 న్యూటన్లది, వాలుగా బిగించి మూలుగుతోందని తిట్టుకున్నాను. కింది బ్రాకెట్ జరిపాక అదే యాక్చుయేటర్ హాయిగా లేపింది.

నెమ్మది మాత్రం భరించాలి. సెకనుకి 10 మి.మీ. కదిలేదైతే 60 డిగ్రీలు లేపడానికి 5 సెకన్లు పడుతుంది. మధ్యలో కచ్చితంగా ఆపాలంటే లోపల పొటెన్షియోమీటర్ (కడ్డీ ఎంతవరకు వచ్చిందో చెప్పేది) ఉన్నదే తీసుకోండి, ఉత్త లిమిట్ స్విచ్‌లవి రెండు కొసల్లోనే ఆగుతాయి. గాలి సిలిండర్‌తోనూ మధ్యలో ఆపడం తలనొప్పే.

చెయ్యి చకచకా ఆడాలంటే సర్వోనే పెట్టండి, కానీ సగం భారం మోసేలా ఒక స్ప్రింగ్ తగిలించండి.